సాసేజ్ అన్నం వార్చిన రోజు

ఇర్వింగ్, అక్టోబర్ 1984, ఆదివారం రాత్రి

ఆఫీసులో నాతో పనిచేసే రే, వాళ్ల లూసియానా వంట ఒకటి చెప్పాడు. ఒకే పాన్‌లో సాసేజ్ ముక్కలు, ఉల్లిపాయలు, కారం మసాలా వేయించి, బియ్యం, నీళ్లు పోసి మూత పెట్టేయడమే. ఇవాళ అదే చేశాను. అన్నం ఉడుకుతుంటే అలవాటు కొద్దీ గంజి సింక్‌లోకి వార్చేశాను. వెధవ అలవాటు! మసాలా అంతా దాంతోనే పోయింది. ఆ చప్పిడి కూడే స్టవ్ దగ్గర నిలబడి తిన్నాను.

ఎనిమిదింటికి షికాగో నుంచి రాధ ఫోన్ చేసింది. అక్కడి ఆస్పత్రిలో తన డాక్టరు శిక్షణ, రెసిడెన్సీ, అయ్యేదాకా, ఇంకో రెండేళ్లు, మా కాపురం ఫోన్‌లోనే.

"ఏం తిన్నారు?" అంది.

చెబితే నవ్వుతుందనుకున్నాను. తర్వాత బాధపడుతుందేమో అనిపించింది.

"పప్పన్నం," అన్నాను.

"నేనూ అంతే."

పెట్టేశాక గుర్తొచ్చింది. అక్కడ కందిపప్పు అయిపోయి నెలయిందని పోయిన ఆదివారం తనే చెప్పింది.