ఎర్రదా, ఏనుగా

జూన్ 4
రోడ్డు వెడల్పు చేస్తూ మా షెడ్డు సగం కొట్టేశారు. ఇక ఒక్క కారే పడుతుంది. నా ఎర్రదో, మామయ్యగారి ఏనుగో. రెండూ నాకంటే వయసులో పెద్దవే. ఓడినదాన్ని అమ్మేయాలని ఇంట్లో తీర్మానం. నాకేం బెంగ లేదు. నాది రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, పెళ్ళికి ముందే నా జీతంతో సెకండ్ హ్యాండులో కొనుక్కున్నది. ఆయనది ఇంటిల్లిపాదీ ఎక్కే బండి. కదలమని బతిమాలాలి.

జూన్ 6
పోటీ పెడదామన్నారు మామయ్యగారు. సై అన్నాను. కానీ రెండు బండ్లూ నేనే తోలాలట. కళ్ళ ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఆయన్ని స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు మరి. నేను కావాలని ఏనుగుని మెల్లగా తోలితే ఎలా అని మా ఆయన అడిగాడట. మెల్లగా తోలడానికి ఆ పిల్లకి అంత ఓపిక ఎక్కడిది అన్నారట మామయ్యగారు. పొగిడారో తిట్టారో తెలీలేదు.

జూన్ 9, ఉదయం
ఎర్రది. కొండ మీద వాటర్ ట్యాంకు దాకా, గడియారం చూసుకుని. మలుపుల్లో రోడ్డుని వదల్లేదు. పక్క సీట్లో మామయ్యగారు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని. దిగడానికి నేను చెయ్యి అందించాల్సి వచ్చింది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు. ఒప్పుకున్నట్టే.

అదే రోజు, మధ్యాహ్నం
ఏనుగు. అదే దారి. దీని గేరు స్టీరింగ్ పక్కనే. మొదట్లో గీరుమంది. ఆయన మొహం చిట్లించారు. ఇంజను గొంతు మారేదాకా ఆగమన్నారు, అప్పుడు రెండు వేళ్ళు చాలన్నారు. ఆగాను. చప్పుడు లేకుండా పడింది. ఆఖరి మలుపులో పళ్ళు బిగించి తొక్కుతున్నాను. ఎవరి తరఫున తొక్కుతున్నానో మరిచిపోయాను! అయినా ఎర్రదే గెలిచింది, చాలా తేడాతో.

జూన్ 10
ఇవాళ వాడకంలో పరీక్ష. అత్తయ్య, ఆడపడుచు, దాని కవలలు, కుట్టుమిషను. ఏనుగులో అందరూ పట్టి ఇంకా చోటు మిగిలింది. ఎర్రదాంట్లో మిషను పడితే అత్తయ్య పట్టరు. మిషన్నే ఎక్కించమన్నారు మామయ్యగారు, అదైతే దారి పొడుగునా మాట్లాడదని. ఆ పూట ఆయనకి కాఫీ లేదు.

జూన్ 11
చెరొకటి. తీర్పు మామయ్యగారే చెప్పారు. తోలేవాళ్ళు లేని బండికి నీడెందుకు, ఎర్రదే ఉండనీ అని.

జూన్ 12
గెలిచాను. సంతోషంగా లేదు.

జూన్ 15
ఏనుగుని కొంటానని ఒకతను వచ్చాడు. తోలి చూస్తానన్నాడు. పక్కన కూర్చున్నాను. గేటు దాటకముందే గేరు గీరుమనిపించాడు. మళ్ళీ. మళ్ళీ. గొంతు మారేదాకా ఆగండి అన్నాను. బండికి గొంతేమిటని నవ్వాడు. గుమ్మంలో మామయ్యగారు గోడ పట్టుకుని నిలబడి ఆ చప్పుడంతా వింటున్నారు. నాకు ఒళ్ళు మండింది. తాళాలు లాక్కుని, అమ్మడం లేదని చెప్పేశాను. ఎవర్నీ అడగలేదు. ఏనుగుని తీసుకెళ్ళి నేనే షెడ్డులో పెట్టాను. ఎర్రది బయట ఉంటుంది. దాన్నీ అమ్మను. తోలేవాళ్ళు లేరన్న మాట ఇక ఈ ఇంట్లో వినపడకూడదు.

జూన్ 16
వాన. ఎర్రదాని బానెట్ మీద మామయ్యగారి రెయిన్‌కోటు పరిచి ఉంది. ఆయన తడుస్తూ పెరడు కొలుస్తున్నారు. టేపు రెండో కొస పట్టుకోమని నన్ను కేకేస్తున్నారు.