పాస్టరమ్మ సాక్ష్యం

పెనుకొండ

అమ్మకు రాధిక నమస్కారాలు. ‘ప్రభువు నామమున’ అని మొదలుపెడితే నువ్వు మూతి ముడుచుకుంటావని ఈసారి అది మానేశాను. ఇక్కడ మేము క్షేమం. ధర్మవరంలో నువ్వు, నాయన, మగ్గం, ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని అడిగావు. నీకు చెవులు సరిగా వినపడవు. నీకు వినపడేట్టు నేను అరిస్తే, మందిరం గోడకు ఆనుకుని ఉన్న ఈ ఇంట్లోంచి సంఘమంతటికీ వినపడుతుంది. రాసుకోవడమే మేలు.

నువ్వు పంపిన పట్టుచీర అందింది. నాయన నేసిన అంచు చూడగానే గుర్తుపట్టాను. కట్టుకోలేదని కోప్పడకు. పాస్టరమ్మ తెల్లచీరే కట్టాలి కదా. పెట్టెలో పెట్టి అప్పుడప్పుడు తీసి చేత్తో తడుముకుంటున్నాను.

అల్లుడి సంగతి అడిగావు. నువ్వు ఎర్రిస్వామి అని పిలిచే మనిషిని ఇప్పుడందరూ ఎలీషా అయ్యగారంటారు. హిందూపురంలో ఆటో తోలినవాడు నోరు విప్పితే, వినడానికి తాడిమర్రి నుంచి, ఆమడగూరు నుంచి బస్సులెక్కి వస్తున్నారు. నువ్వు అనుకున్నట్టు ఆయన దొంగ కాదమ్మా. ప్రార్థనలో ఆయన ఏడ్చే ఏడుపు నిజం. తాగుబోతుల భుజం మీద చెయ్యేసి పొద్దుపోయేదాకా కూర్చుంటాడు, వాళ్ళు నిజంగానే మానేస్తారు. దొంగే అయితే నాకింత కష్టం లేదు, మూట కట్టుకుని నీ దగ్గరికి వచ్చేసేదాన్ని.

పెళ్ళైన కొత్తలో నా మూర్ఛలు ఆయన ప్రార్థనకు ఆగాయని మేమన్నాం, హిందూపురం డాక్టరు మాత్రలకు ఆగాయని నువ్వన్నావు. ఎందుకో ఏమో, ఆగాయి. నేను మాత్రలు మానేశాను. ఆ సాక్ష్యం మీదే ఈ సంఘం లేచింది. ప్రతి ఆదివారం మైకు మొదట నాకే ఇస్తారు. నేను చెప్పాక, తమకూ నయమైందని నమ్మినవాళ్ళు వచ్చి తమ మాత్రలు వేదిక ముందున్న బుట్టలో వేస్తారు. కూటం అయ్యాక ఆ బుట్ట ఖాళీ చేసే పని కూడా నాదే.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. ఉపవాస ప్రార్థనలో నేను కిందపడి కొట్టుకోవడం వీధిలో ఎవరో ఫోన్లో చూపించారట. ‘దేవుడు పూనడమా, పాతదేనా’ అని రాశావు. పాతదే అమ్మా.

తెలివొచ్చేసరికి చుట్టూ చప్పట్లు, స్తోత్రాలు, కీబోర్డు మోత. నాలుక తెగి నోటినిండా నెత్తురు. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన వంగి నా ముఖం చూశాడు. నా మూర్ఛలు ఎరిగిన మనిషి, చూడగానే తెలిసిపోయింది. లేచి మైకు అందుకుని, ఆత్మ దిగింది, చేతులెత్తండి అన్నాడు.

మరునాడు ఆసుపత్రికి పోదామంటే నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. “నువ్వు ఆసుపత్రి మెట్లెక్కితే ఇంతమంది విశ్వాసం ఏమైతాదో చెప్పు రాధికా. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో, నేను ప్రార్థన చేస్తాండా” అన్నాడు. ఆయనా ఇరుక్కుపోయాడు. కోపమొస్తుంది, జాలేస్తుంది. గడప దాటితే ఇద్దరు సంఘం ఆడవాళ్ళు నా వెంటే ఉంటారు. హిందూపురం దాకా ఫ్లెక్సీల మీద ఆయన పక్కన నా ముఖమే. ఏ మందుల షాపులో పోయి అడగను?

ఇదంతా నువ్వు ఊహించే ఉంటావు. ఇప్పుడు చెప్పేది ఊహించి ఉండవు. ఎర్రమంచి నుంచి మాధవి అనే అమ్మాయి వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీ క్యాంటీన్లో పొయ్యిల దగ్గర పని. తనకూ మూర్ఛలే. నేను పడిన తర్వాతి ఆదివారం నా చేతులు కళ్ళకద్దుకుని, “నీకు పోయిండాదంటే నాకూ పోతాది గదా పాస్టరమ్మా” అని తన మాత్రలు బుట్టలో వేసింది. నేను మింగిన పాత మాత్రలే అవి, అట్ట చూడగానే గుర్తుపట్టాను. బుట్ట ఖాళీ చేసేటప్పుడు వాటిని కొంగున కట్టుకున్నాను. తిరిగి ఇవ్వడానికి కాదమ్మా. రోజూ నేనే మింగుతున్నాను. నా మాట నమ్మి ఆ పిల్ల వదిలేసిన మాత్రలతో నేను నిలబడి, నయమైందని మళ్ళీ మైకులో చెబుతున్నాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

వచ్చే ఆదివారం మాధవి నా పక్కన నిలబడి సాక్ష్యం చెబుతుందట. ఆమెకంటే ముందు నేను మాట్లాడాలి. నాకు నయం కాలేదు, నీకూ కాలేదు, నీ మాత్రలు తీసింది నేనే అని చెప్పాలి. ఆయన ముఖం చూశాక నా నోరు పెగులుతుందో లేదో.

అందుకే నువ్వు రావాలి. డాక్టరుకు నా సంగతి చెప్పి, మాత్రలు నీ చేత్తోనే తీసుకురా. పార్శిల్లో పంపితే సంఘం వాళ్ళు విప్పి చూస్తారు. నువ్వు తెచ్చాక, మిగిలిన మాధవి మాత్రలు మాధవికే ఇచ్చేస్తాను. ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చో. పాటలు నీకెలాగూ వినపడవు, నా ముఖమే చూస్తుండు. నేను చెప్పకముందే పడిపోతే అందరూ చప్పట్లు కొడతారు. నువ్వొచ్చి నన్ను పక్కకు తిప్పు. మైకు ఆయన చేతికి పోకముందే అందుకుని, ఇదేం జబ్బో నువ్వే చెప్పు.

ఇట్లు,
పక్కకు తిప్పి పడుకోబెడుతూ నువ్వు పెంచిన కూతురు,
రాధిక