వడమాలపేట పలికింది

తిరుపతి, బుధవారం రాత్రి

హాస్టల్ ఆన్‌లైన్ ఫారంలో ఊరు ఎంచుకునే పెట్టెను నేనే కొత్తగా తయారుచేసి, అందంగా ఉందని మురిసిపోయాను. ఈరోజు చూపులేని మా సీనియర్ రమణక్క ఫారం నింపుతుంటే, తెరను చదివి వినిపించే ఆమె ఫోన్ ఆ పెట్టె దగ్గర మూగబోయింది. రేపే గడువు.

"ఏం పాపా, మా వడమాలపేటను యాడ దాచినావు?" అంది.

నేను నింపి పెడతానన్నాను.

"నా ఊరు నేనే పెట్టుకుంటా. నువ్వు పెట్టె బాగుచెయ్."

సాయంత్రం దాకా కూర్చుని పెట్టెకూ, ప్రతి ఊరికీ ఫోన్ చదవగలిగేలా కోడ్‌లో పేర్లు రాశాను. ఈసారి ఫోన్ ఒక్కో ఊరే పలుకుతూ వడమాలపేట దాకా వచ్చింది.

"ఆఁ, ఈడుండాది!" అని అక్క నొక్కింది. నేను రాసిన మాటలు ఒకరికి దారి చూపడం ఇదే మొదటిసారి.

లైబ్రరీ ఫారం కూడా నేను చేసిందే. ఎంతమంది నింపలేక, ఏమీ చెప్పకుండా వెనక్కి వెళ్లారో... రేపు కళ్లు మూసుకుని, ఫోన్ చదివేది వింటూ దాన్ని నేనే నింపి చూస్తాను.