బావతోని తిట్టించుకున్న

సిరిసిల్ల

చెల్లె స్వరూపా, కోరుట్లల అవ్వకాడ కూసోని బావ గురించి గుబులు పడకు, ఇప్పుడు మంచిగున్నడు.

కరోనాకు బట్టనేసే సాంచాలు బందైనకాడికెల్లి తను నేసే సాంచ ముంగట ఉలుకుపలుకు లేక కూసుండె, బువ్వ ముట్టకపాయె. నిన్న ఆయన సూస్తుండంగనే సాంచ మీది పోగులు పిడికెడు తెంపిన. “నీ చేతులిరుగ, బాడ్కావ్ బామ్మర్దీ!” అని వాడకట్టంత ఇనంగ తిట్టిండు. తిట్టుకుంటనే కూసోని అన్ని పోగులు అతికిండు, ముడి సుత కనవడలే. ఏం చెయ్యి చెల్లె నీ మొగనిది! లేసి గటక అడిగి తిన్నడు. బస్సులు నడిస్తె దవాఖానకు గూడ తోల్కపోత.

అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? మామిడికాయ తొక్కు పెట్టుంచు.

బావ ఫోన్ల నా మీద చాడీలు చెప్తడు. నువ్వు గూడ నన్ను రెండు తిట్టి, ఆయన చెప్పినంతసేపు ఇను.

పిల్లలకు దీవెనలు.

నీ అన్న రాజేశం