నా విస్తరి సంగతి నేను చూసుకుంటాను

హేమమాలినీ,

మీ ఇద్దరికీ అన్నం వార్చి పెట్టాను. ఆవుకి కుడితి పెట్టేశాను. నేను తెరుబలిలో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి వెళుతున్నాను. అడిగితే వద్దంటావని చెప్పకుండా బయలుదేరాను. మా వాణ్ణి నా వెనక పంపకు.

ఆ రోజు గుణుపురం విందులో అందరి ముందూ నా విస్తరిలోంచి లడ్డు తీసేసి, "మా అత్తకి సుగరండి, ఏటీ ఎయ్యకండి" అన్నావు. నాకు తల కొట్టేసినంత పనైంది. షుగర్ వచ్చింది గాని నాకు బుద్ధి పోలేదు. షుగర్‌తోనే మీ నాన్నకి కాలు తీసేశారు కాబట్టి నీ భయం నాకు తెలుసు.

నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే పద్మపూర్ రోడ్డు మీద నడుస్తున్నాను. పక్కింటి పుష్ప "ఏటొదినా, పోలీసు ఉద్యోగానికెల్తన్నావా" అని నవ్వినా ఆగలేదు. రాత్రిపూట అన్నం మాని చోడిపిండి రొట్టె తింటున్నాను. నిన్న పరీక్షలో షుగర్ బాగా తగ్గిందన్నారు. నీకు చూపించాలనే ఆ కాగితం ఈ చీటీ కింద పెట్టాను. మాత్రలు సంచిలో ఉన్నాయి. పెళ్లిలో ఏం తినాలో, ఎంత తినాలో నేనే చూసుకుంటాను. రేపు సాయంత్రం బస్సుకి వస్తాను.

మీ అత్త

అన్నట్టు, ఈమధ్య నువ్వు చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నావు, చిక్కిపోయావు కూడా. ఎల్లుండి పొద్దున్న ఏమీ తినకు, పరీక్షకి తీసుకెళతాను. సూదంటే నీకు భయం కదా, నా చెయ్యి పట్టుకుందువు గాని.