తండ్రి వైపు రక్తం

జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు, అనంతపురం.

శింగనమల మండలంలో కూలి చేసుకొంటూ, పల్లెలలో వాక్యం చెప్పుకొనే యేసన్న సమర్పించు అర్జీ.

విషయం: నాకును, నా కుమార్తె అంజలికిని రొమ్ము క్యాన్సర్ వంశపారంపర్య జన్యు పరీక్ష చేయించుటకు ఉత్తర్వు కోరుట గురించి.

అయ్యా,

1. మా అమ్మ తిప్పమ్మ రొమ్ములో గడ్డతో పోయినది. తరువాత అదే గడ్డతో మా అక్క, ఆ తరువాత మా చెల్లెలు. ముగ్గురూ జుట్టు నెరవక ముందే పోయినారు. ముగ్గురి సమాధుల దగ్గరా ప్రార్థన చేసినది నేనే.

2. పోయినవారి కమ్మలు ఇంటి ఆడపిల్ల పెట్టుకొనుట మా వాడుక. అమ్మ కమ్మలు అక్కకు, అక్క నుండి చెల్లెలికి వచ్చినవి. అవి అంజలికి రావలసినప్పుడు ఊరు అడ్డుపడినది. "ఆ కమ్మల్లోనే ఉండాది పాస్టరన్నా చావు. కరిగించెయ్" అన్నారు. అది అన్యుల భయమని నేను గర్జించినాను. అయినా నా భార్య ఏడుపు చూడలేక కంసాలి చేత కరిగించినాము. పీడ వదిలినదని ఊరు అనుకొన్నది. నేనూ అనుకొన్నాను.

3. గత నెల ఒక సేవాసంస్థ వారు శిబిరం పెట్టినారు. కొన్ని ఇళ్లలో జన్యువులోని లోపం తరం నుండి తరానికి దిగునని, అది ఉన్న ఆడవారికి ఈ వ్యాధి ప్రమాదం చాలా ఎక్కువని, ముందే తెలిసినచో కాపాడుకొనే మార్గాలు కలవని డాక్టరమ్మ చెప్పినది. అంజలి లేచి నిలబడగా నర్సమ్మ అడిగినది.

"మీ అమ్మకు ఉండాదా?"

"లేదక్కా. మా జేజికి, మా మేనత్తలకు వచ్చింది."

"అది మీ నాయన తట్టు కదమ్మా. నీకేం కాదు, పో."

నేను ముందుకు పోయి, నా రక్తం చూడమన్నాను. "ఏమప్పా, మగోడివి, నీకు రొమ్ము యాడుండాది?" అన్నది. వరుసలోని వారందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

4. డాక్టరమ్మ నవ్వలేదు. బిడ్డకు సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వచ్చునని, తండ్రి బాగున్నా లోపం అతని గుండా దిగవచ్చునని, నాలో ఉంటే అంజలిలో ఉండుటకు సగానికి సగం అవకాశమని చెప్పినది. "రోగం వచ్చినవాళ్లు ఎవరైనా బతికుంటే ముందు వాళ్ల రక్తం చూడటం మంచిది. ఉన్నారా?" అని అడిగినది.

"అందరూ మట్టిలో ఉండారమ్మా" అన్నాను.

అట్లయితే పెద్దాసుపత్రికి తమరు రాసి ఇవ్వవలెనన్నది.

5. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల మీదికి వచ్చునని ఎన్నో పల్లెలలో గొంతు చించుకొన్నాను. అది పాపుల మాట అనుకొన్నాను. మా అమ్మ ఏ పాపం చేసినది? ఆ కమ్మలు నా చెవికి ఏనాడూ ఎక్కలేదు. అయినా ఆ చావు వచ్చే దారి నేనే కావచ్చును. అంజలి చంటిబిడ్డకు పాలిస్తున్నది. అదీ ఆడబిడ్డే. అంజలి స్నానం చేసి వచ్చినప్పుడల్లా, గడ్డ చేతికి తగిలినదేమోనని దాని ముఖం వైపు చూస్తున్నాను. అది నా వైపు చూడదు.

6. కత్తి వచ్చుట చూచియు బూర ఊదని కావలివానిని దేవుడు రక్తము విషయమై లెక్క అడుగును. ఈ జిల్లాకు తమరే కావలివారు. వాన కోసం ఎదురుచూచుట ఈ నేల మీద మాకు అలవాటే. ఈ పరీక్ష కోసం ఎదురుచూడలేము.

ఇది బెదిరింపు కాదు, భయం. భయముగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యేసన్న

తా.క.: అర్జీ మడిచి, మళ్లీ విప్పినాను. బూర ఊదమని తమకు రాసి నా నోరు నేను మూసుకోరాదు. నా ఎడమ చనుమొన కింద చింతగింజంత గట్టిది ఒకటి ఉన్నది. శిబిరంలో నవ్వినప్పుడు కూడా ఉన్నది. నొప్పి లేదు. ఇంట్లో చెప్పలేదు. డాక్టరమ్మ అడిగిన మనిషి బతికే ఉన్నాడేమో. నన్ను బాగుచేయమని అడగడం లేదు. నేను ఉండగానే పిలిపించి, నా రక్తంలో చూసి, అంజలికి చెప్పండి.