బోర్డు మీద రెండు పేర్లు

సునీతా,

ఉద్యోగం మానేసి, ఇవాళ తెల్లాపూర్‌లో మన కుట్టుషాపు తెరిచాను. నువ్వు కుడితే షాపు నేను చూసుకోవాలని ఆఫీసు క్యాంటీన్‌లో ఎన్నిసార్లు అనుకున్నామో! నువ్వు పోయాక కుట్టు కూడా నేనే నేర్చుకున్నాను.

మొదట వచ్చినామె జాకెట్టు వదులు చేయించుకుంది.

"మంచిగ కుదిరిందమ్మా. బోర్డు మీద రెండు పేర్లున్నయి, సునీతంటే నువ్వేనా?"

"కాదండీ, నేను పద్మని. సునీత నా స్నేహితురాలు. నాకంటే బాగా కుడుతుంది."

"ఇయ్యాల రాలేదా?"

"రాలేదండీ."

"గట్లయితే మా బిడ్డ పెండ్లి జాకెట్లు రేపు తెస్త. ఆమెకే ఇస్త."

సరేనని తలూపాను. రేపు ఆమెకు నిజం చెప్పాలి. నువ్వు లేవన్న మాట ఇంతవరకు నా నోటితో ఎవరికీ చెప్పలేదు.

నీ
పద్మ